కేరాఫ్ 99 ఏపీఓ

మా తాతయ్య 1971 యుద్ధంలో తూర్పు సరిహద్దులో పనిచేశారు. ఆ డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. చిన్నప్పుడు "తాతయ్యా, ఎంతమందిని కాల్చావ్?" అని అడిగేవాణ్ణి. "ముందు అన్నం తినరా" అనేవారు.

పోయిన సంక్రాంతికి ఆయన లేరు. నానమ్మ ట్రంకుపెట్టెలోంచి ఇన్‌లాండ్ లెటర్ల కట్ట తీసి నా ఒళ్లో పెట్టింది. "చదువు."

తనకి చదువు రాదు. నాకొచ్చింది ఇంగ్లీష్ మీడియం చదువు. తాతయ్య గొలుసుకట్టు రాత చూడగానే చెమటలు పట్టాయి.

పంపినవారి అడ్రస్‌లో ఊరి పేరు లేదు. యూనిట్ పేరు, కేరాఫ్ 99 ఏపీఓ, అంతే. ఎక్కడున్నదీ రాయకూడదట. లోపల యుద్ధం ఊసే లేదు. గేదె ఈనిందా? తమ్ముడి ఫీజు కట్టారా? మనియార్డర్ అందిందా? ప్రతి ఉత్తరం చివర మాత్రం ఒకటే మాట: నీ మోకాలి నొప్పి ఎలా ఉంది?

"అంత చిన్న వయసులో నీకు మోకాలి నొప్పా, నానమ్మా?"

"నొప్పీ లేదు, పాడూ లేదు. పోస్ట్‌మేన్ అరుగు మీద కూర్చుని అందరి ముందూ చదివేవాడు. అంతకంటే ఏం రాస్తారు మీ తాత?" అంది, కొంగు సర్దుకుంటూ.

నేను కూడబలుక్కుంటూ ఆగిన చోటల్లా మిగతా వాక్యం తనే చెప్పేసింది. అన్నీ కంఠతా వచ్చు.

ఆయన ఉండగా "అక్కడ నీకు ఎవరు గుర్తొచ్చేవారు?" అని ఒక్కసారీ అడగలేదు నేను. ఇప్పుడు సెలవులకి వెళ్లినప్పుడల్లా కట్ట విప్పుతున్నాం. ఇంకా ఇరవై రెండు ఉత్తరాలున్నాయి.