తప్పనివియు, తప్పించుకొనదగినవియు

పెండ్లిపిలుపునకు వచ్చినవారు నాలుగంచుల పసుపు పూసిన శుభలేఖను చేతికిచ్చి, బొట్టుపెట్టి, కుశలమడిగి, తీరా గడప దాటబోవుచు వెనుకకు తిరిగి "కంపల్సరీగా రావాలండీ" అనుచున్నారు. అచ్చులో ప్రార్థన, నోట ఉత్తరువు! ఇంటిపన్ను కట్టుమని పురపాలకసంఘమువారు పంపెడి తాఖీదునకును ఈ పిలుపునకును ఇక భేదమేమున్నది?

మన పెద్దలకు ఇట్టి భేదములయందు గల పట్టింపు సామాన్యమైనది కాదు. పాణిని లిఙ్‌లకారమునకు, అనగా సంస్కృతమున "వలెను" అను భావమునిచ్చు క్రియారూపమునకు, అర్థములు చెప్పుచు విధి, నిమంత్రణము, ఆమంత్రణము, అధీష్టము, సంప్రశ్నము, ప్రార్థనము అని ఆరింటిని వేరుపరచెను. సేవకుని పనికి పురమాయించుట విధి. మా పిల్లవానికి నాలుగక్షరములు చెప్పుడని గురువును గౌరవముతో అడుగుట అధీష్టము. వేదము చదువుదునా, తర్కము చదువుదునా యని ఆలోచన అడుగుట సంప్రశ్నము. ఇవి యటుండనిండు. నాకు చిన్ననాటినుండి చుట్టరికము గలవి నడిమి రెండు. వచ్చుటయు మానుటయు మీ యిష్టమనునది ఆమంత్రణము. రాక తీరదనునది నిమంత్రణము. ఈ రెండవదానికి సిద్ధాంతకౌముదిలో భట్టోజిదీక్షితుడు చూపిన ఉదాహరణము శ్రాద్ధభోజనమునకు దౌహిత్రుని పిలుచుట.

నేను అట్టి దౌహిత్రుడను. శ్రాద్ధమును పావనము చేయునవి దౌహిత్రుడు, కుతపకాలము, నువ్వులు అని మనుస్మృతి చెప్పినది గనుక, మా మాతామహుడు నా ఒడుగైన నాటినుండి నన్ను నువ్వులతోపాటు సంభారములలో చేర్చి, తద్దినమునకు ముందునాడే ఎడ్లబండి పంపెడివాడు. కుతపమనగా పగటిని పదునైదు భాగములు చేసినచో ఎనిమిదవది, అనగా మిట్టమధ్యాహ్నము. అంతవరకు పచ్చిమంచినీరు ముట్టరాదు. వంటయింట అమ్మమ్మ మడికట్టుకొని, మినపపిండిని తడియరటియాకుపై తట్టి, నడుమ వ్రేలితో చిల్లిపెట్టి మూకుటిలోనికి జార్చగా, చుట్టును నురుగు లేచి, అణగి, గారె ఎఱ్ఱబారువరకు నేను స్తంభమునకానుకొని చూచుచుండెడివాడను. భోక్తల విస్తళ్లు లేవవలెను, పిండమును కాకి ముట్టవలెను. ఆ పిమ్మటగాని మా వంతు రాదు. ఒక యేడు కాకి ఎంతకును దిగలేదు. ఎప్పుడును ఒకరిని బ్రతిమాలి యెరుగని మా తాత పెరటిలో ఎండకు నిలిచి, చేతులు జోడించి, గోడమీది కాకిని "రావయ్యా, పిల్లలాకలితో ఉన్నారు" అని వేడుకొనెను. అది ప్రార్థనమో, అధీష్టమో ఏ వైయాకరణుడు తేల్చగలడు? అల్లపుపచ్చడి వేడిగారెలకంటె చల్లారిన గారెలకే బాగుగ పట్టునని ఆనాడే నాకు తెలిసినది. గారెలను గూర్చి ఇంకను చెప్పవలసినది చాల గలదు, కాని సంపాదకులు ఒప్పుకొనరు.

మన తెనుగునందు ఈ యారింటికిని "వలెను" ఒక్కటియే దిక్కు. కాఫీ కావలెనన్నచో కోరిక; సంతకము కావలెనన్నచో అక్కఱ; చంటివానితో బువ్వ తినవలెనన్నచో బుజ్జగింపు. భేదమంతయు కంఠములోనే యున్నది. అదియు చాలదన్నచో "రాకున్న ఊరుకొనము" అను మాట యున్నది. దానిలో పిలుపును గలదు, ముందుగా చూపిన అలుకయు గలదు. కంపల్సరీలో అలుగువారెవరును లేరు.

పోనిండు, పెండ్లివారు తొందరలో నుందురు. తీరికగా కూర్చుండి చట్టములు తెనిగించువారి మాటయేమి? 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 45వ అధికరణము, పదునాలుగేండ్లు నిండువరకు బాలబాలికలకు ఉచిత నిర్బంధ విద్యను పదేండ్లలో సమకూర్చుటకు యత్నింపవలెనని రాజ్యమునకు చెప్పినది. నిర్బంధమట! విచారణ లేకుండ మనుష్యుని చెరలో నుంచుటకు ఏ మాట వాడుదుమో ఆ మాటనే పలకాబలపములకును అంటగట్టితిమి. 2009 నాటి విద్యాహక్కు చట్టపు తెలుగు పేరులోనైతే నిర్బంధమును హక్కును ప్రక్కప్రక్కనే కూర్చుండబెట్టినారు. హిందీవారు ఇచట "అనివార్య" మనుకొనిరి. మనకు ఆ మాట వినగానే ముసలితనము, మృత్యువు తలపునకు వచ్చును గనుక అదియు పనికిరాదు. ప్రశ్నపత్రములు కూర్చువారు మాత్రము ఏ ఆర్భాటమును లేక "మొదటి ప్రశ్న తప్పనిసరి" యని వ్రాయుచున్నారు. చట్టముల తెనుగుసేత చూచు అధికారులకు నా మనవి యొక్కటే: బడికి ఆ తప్పనిసరి చాలును, నిర్బంధమును పోలీసుఠాణాలకు విడిచిపెట్టుడు.