ఏడంగుళాల మొండితనం

ఇల్లు కట్టేచోట రాడ్ బెండింగ్ పనివాడు 8 మిల్లీమీటర్ల చువ్వను చిటికెలో రింగుగా వంచేస్తాడు. అతని చేతిలో పొడవాటి ఇనుప పిడి ఉంటుంది, చువ్వ కదలకుండా బల్లకు మేకులు దిగేసి ఉంటాయి. ఆ పిడీ బల్లా లాగేసుకుని, ఇంచుమించు అదే మందమున్న ఉక్కు ముక్కను 7 అంగుళాలకు కోసి చేతిలో పెడితే? అమెరికాలో ఐరన్‌మైండ్ కంపెనీ పెట్టిన ‘రెడ్ నెయిల్’ పరీక్ష అలాంటిదే.

పేరుకే మేకు. మొనా ఉండదు, తలా ఉండదు. నిమిషం తిరిగేలోపు రెండు కొసల మధ్య ఎడం 2 అంగుళాలకు తగ్గాలి. మొదట నెగ్గింది జాన్ బ్రూక్‌ఫీల్డ్.

ఏడంగుళాలే కదా అనిపిస్తుంది గానీ, ప్రాణం తీసేది ఆ పొట్టితనమే. మీటరు చువ్వనైతే మోకాలికి ఆనించి మామూలు మనిషి కూడా వంచగలడు. మందం సంగతి మరీ అన్యాయం. 6 మిల్లీమీటర్ల చువ్వ 8కి పెరిగితే లావెక్కింది మూడో వంతే, మొరాయింపు మాత్రం రెండు రెట్లు దాటిపోతుంది.

చువ్వ కొసలకు తోలో మందపాటి గుడ్డో చుట్టి, గడ్డం కింద అడ్డంగా పట్టుకుని, మోచేతులు ఒంటికి బిగించి నొక్కుతారు. కాసేపు ఏమీ జరగదు. మొహం కందిపోతుంది, మెడ నరాలు తేలతాయి. ఉన్నట్టుండి నడిమిన చిన్న మడత పడుతుంది. అక్కణ్నుంచి కొంతదూరం సాఫీగానే వస్తుంది. అసలు తంటా చివర్లో: చేతులు దగ్గరపడేకొద్దీ పట్టు తగ్గుతుంది, వంగినచోట ఉక్కు ఇంకా గట్టిపడుతుంది. వేళ్లలో వేళ్లు జొనిపి, కాయ పిండినట్టు పిండాల్సిందే. అయ్యాక ఆ వంపు ముట్టుకుంటే వేడిగా ఉంటుంది.

వీరఘట్టంలో పుట్టిన సర్కసు వస్తాదు కోడి రామ్మూర్తి ఒంటికి చుట్టిన గొలుసులు తెంచాడు. గొలుసు తెగితే గుడారం చివర కూర్చున్నవాడికీ పండగే. మేకు వంపు ముందువరసకు తప్ప కనబడదు. అందుకే సర్కసువాళ్లకు గొలుసే ముద్దు.

అయినా మేకుతోనే జనాన్ని కూడగట్టినవాడు ‘మైటీ ఆటమ్’ జో గ్రీన్‌స్టీన్. పోలండ్‌లో పుట్టి అమెరికా చేరినవాడు, ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. మేకుల్ని పళ్లతో కొరికి తుంచేవాడు. 80 దాటాక, 1977లో కూడా న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ప్రదర్శన ఇచ్చాడు. సంతల్లో ఇనుము వంచి చూపించి, గుమిగూడిన జనానికి సొంతంగా చేసిన సబ్బులూ మూలికల మందులూ అమ్ముకునేవాడు.