వైఫై రిపోర్టు ప్రింట్ తీసి పెట్టుకోండి

హాస్టల్ వైఫై చూసుకునేవాళ్లకు ఒక మనవి. డాష్‌బోర్డుతో సరిపెట్టుకోకండి, నెలనెలా రిపోర్టు కాగితం మీదికి తీయండి. సిస్కో ప్రైమ్ లాంటి నెట్‌వర్క్ నిర్వహణ సాఫ్ట్‌వేర్లలో షెడ్యూల్ పెడితే పీడీఎఫ్‌గానో సీఎస్‌వీగానో అదే తయారవుతుంది. లెక్కలకు సీఎస్‌వీ, ప్రిన్సిపాల్ గారి బల్ల మీదికి పీడీఎఫ్. అన్నీ కుక్కితే ఎవరూ చదవరు: ఏ యాక్సెస్ పాయింట్ మీద ఎంతమంది, ఏ చానల్‌లో ఎంత రద్దీ, అంతే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది పాత డేటా. సిస్టమ్ కొన్నాళ్లకు దాన్ని కుదించేస్తుంది, గంటగంట అంకెలు రోజువారీ సగటులైపోతాయి. పరీక్షల ముందు రాత్రి పదింటికి పిల్లలు పడ్డ అవస్థ ఆ సగటులో ఎక్కడుంటుంది? కొత్త పరికరాలకు డబ్బు అడగాలంటే ఆ పదింటి అంకెలే కావాలి, అందుకే కుదించకముందే రిపోర్టు తీసి పెట్టుకోండి. అన్నట్టు, నలుపు తెలుపు ప్రింటర్ అయితే రంగుల గ్రాఫ్ వద్దు, పట్టిక తీయండి.