మిల్లు సరే, బాకీల పుస్తకం?

మిల్లు అమ్ముదామని నాయన అన్నది ఉగాది ముందు. మగ్గినోళ్లం, మోయలేమన్నాడు. గాండ్లపెంటలో శెనక్కాయలు ఒలిచే మిల్లంటే వానను నమ్ముకున్న బతుకే. పంట పండిన ఏడు రేయింబగళ్లు తిరుగుతుంది, ఎండిన ఏడు బెల్టులకు బూజు పడుతుంది.

సరే, కాగితాలు బయటికి తీశాను. కరెంటు మీటరు ఇంకా జేజినాయన పేరు మీదే ఉంది. స్థలం పత్రాల్లో అనంతపురం జిల్లా అని ఉంటే, 2022 ఏప్రిల్ నుంచి మనది శ్రీ సత్యసాయి జిల్లా. అది పెద్ద చిక్కేం కాదు గానీ, మీటరు పేరు మార్పించాలి, ఈసీ తీయించాలి. జీఎస్టీ నంబరు నాయన పాన్‌కు ముడిపడింది కాబట్టి దాన్ని మిల్లుతో పాటు అమ్మలేం. కొన్నవాళ్లు వాళ్లదే తీసుకోవాలి.

అసలు కష్టం లెక్కలది. కదిరి నుంచి వచ్చిన ఆసామి మొదటి మాటే, "పెద్దాయనా, మూడేళ్ల లెక్కలు చూపించండి" అన్నాడు. నాయన లెక్కలన్నీ తలలోనే! ఆయన చెప్తుంటే నెలరోజులు రాశాను. మిల్లు ఆదాయం, ఇంటి ఖర్చు ఒకే గల్లాపెట్టెలో కలిసిపోయాయి. వాటిని విడదీస్తేనే మిల్లు నిజంగా ఎంత సంపాదిస్తుందో తెలిసింది. నాయన కూలి కూడా ఖర్చులో రాయమన్నాను. "నాకు నేను కూలి ఇచ్చుకునేదేంటి?" అని నవ్వాడు. రేపు కొన్నవాడు జీతమిచ్చి మనిషిని పెట్టుకోవాలి కదా మరి.

ఆ తర్వాత ఆసామి బాకీల పుస్తకం కూడా కావాలన్నాడు. వసూలు చేసుకుంటాడట, ధర ఇంకొంచెం పెంచుతాడట. నోటు మీద మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది, ఈలోగా బాకీదారు మళ్లీ సంతకం పెట్టి ఒప్పుకుంటే తప్ప. మా పుస్తకంలో సంతకాలే లేవు, పేర్లు, మూటలు, "మళ్లీ పంటకు" అన్న మాట తప్ప.

నాయన పుస్తకం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "మిషన్లు తీసుకో అప్పా, షెడ్డు తీసుకో. వీళ్లు నా దగ్గరికి వచ్చినోళ్లు, నీ దగ్గరికి కాదు."

ధర తగ్గింది. ఒప్పంద పత్రంలో, బాకీలు ఈ అమ్మకంలో చేరవని నేనే ఒక వాక్యం రాయించాను. వచ్చే సోమవారం రిజిస్ట్రేషను. ఆ పుస్తకం ఇప్పుడు నాయన మంచం కింద పెట్టెలో ఉంది.