ఎడమ మూల చెమ్మ

5 ఆగస్టు 2024, సోమవారం

తెల్లవారుజామున తలుపు తీయగానే గుప్పున పెట్రోలు వాసన. వరండాలో బండి కింద సిమెంటు మీద అరచేయంత మరక. వరండాకు ఆనుకునే వంటిల్లు. ఆవిడ టీ పెట్టడానికి లైటర్ చేతిలోకి తీసుకుంది. "వెలిగించకు!" అని అరిచాను. ఇన్నేళ్ల కాపురంలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. బండిని వేపచెట్టు కిందికి నెట్టి, తలుపులూ కిటికీలూ తెరిచి, గంట గడిచాకే పొయ్యి వెలిగించనిచ్చాను. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. నేలబారున పాకుతుంది. వంటింట్లోకి రావడానికి తలుపు కింద సందు చాలు దానికి.

చూస్తే చుక్క కార్బొరేటర్ అడుగున వేలాడుతోంది. లోపల నీడిల్ ఇరుక్కుని పొంగుతోందనుకున్నాను. పెట్రోలు కాక్ మూసి, కింద పళ్లెం పెట్టి, ఇవాళ ఊళ్లో కేసులే నడిచి చూసుకున్నాను. వానలు పడ్డాయి, బర్రెలు ఎదకొచ్చే కాలం మొదలైంది. ఊరూరా తిరిగి పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే నాలాంటి గోపాలమిత్రకు ఈ నాలుగు నెలల్లో బండి లేకపోతే కాళ్లు లేనట్టే.

6, మంగళవారం

పళ్లెం తడిగానే ఉంది. కాక్ మూశాక కార్బొరేటర్‌లో మిగిలినంత కారి ఆగిపోవాలి. ఆగలేదంటే లోపం అంతకన్నా పైనే ఉంది.

సీటు ఊడదీసి, ట్యాంకు అడుగంతా పాతగుడ్డతో పొడిగా తుడిచి, ఆవిడ పౌడరు డబ్బా తెచ్చి పలచగా చల్లాను. పావుగంట కూర్చుని చూశాను. తెల్లటి పొడి మీద ఒక సన్నటి తడి గీత మెల్లగా గీసుకుంటూ వచ్చింది. మొదలు ఎక్కడంటే వెనకవైపు, ఎడమ మూల, రెండు రేకులు కలిసే అంచు దగ్గర. అక్కడ చెమర్చిన పెట్రోలు అంచు పట్టుకుని ముందుకు పాకి, వైరు మీద నుంచి జారి కార్బొరేటర్ మీద పడుతోంది. బర్రె కుంటితే రైతు భుజం చూపిస్తాడు, ముల్లేమో గిట్టలో ఉంటుంది. ఎన్నిసార్లు చూశాను! అయినా నిన్న చుక్క కనబడ్డ చోటే పట్టుకుని కూర్చున్నాను.

సాయంత్రం ఒక కేసు తప్పనిసరైంది. బట్టల సబ్బు ముక్క అరగదీసి ఆ మూలకు అదిమాను. సబ్బు పెట్రోలులో కరగదు, రెండు మూడు గంటలు ఆగుతుంది. ఆగింది కూడా. కానీ వేడి ఇంజనుకు జానెడు దూరంలో సబ్బును నమ్ముకుని పది కిలోమీటర్లు వెళ్లడం చేయకూడని పని. ఇంకోసారి చేయను.

7, బుధవారం

ట్యాంకు విప్పి పెట్రోలంతా డబ్బాలోకి దింపాను. అడుగున మిగిలింది గాజుసీసాలో పోసి ఎండకు పట్టి చూస్తే పైన పెట్రోలు, కింద రెండు వేళ్ల మందాన మురికినీళ్లు, వాటి అడుగున ఇటుకపొడి రంగు తుప్పు. మూత తీసి చూశాను. రబ్బరు బీటలు వారింది. మూత చుట్టూ పడ్డ వాన నీరు బయటికి పోయే చిన్న బెజ్జం మట్టితో పూడిపోయింది. అక్కడ నిలిచిన నీరు ట్యాంకులోకే దిగింది. ఇప్పుడొచ్చే పెట్రోలులో ఇథనాల్ ఉంటుంది. అది కొంతవరకు నీటిని తనలో కలుపుకుంటుంది. మోతాదు మించితే రెండూ కలిసి విడిపోయి అడుగుకు దిగుతాయి.

ఎడమ మూలే ఎందుకు పోయిందో కాసేపటికి తట్టింది. దిగీ దిగగానే వీర్యం నిల్వ ఉంచే నైట్రోజన్ కంటైనరు అందుకోవాలన్న తొందరలో నేను ఎప్పుడూ సైడు స్టాండే వేస్తాను. బండి ఎడమకు ఒరుగుతుంది. పదకొండేళ్లుగా నీళ్లన్నీ చేరింది ఆ మూలకే.

8, గురువారం

మధ్యాహ్నం కాలవ అవతలి ఊరి నుంచి ఒక అక్క ఫోను. ఉన్నది ఒకటే బర్రె. నిన్న పొద్దున ఎదకొచ్చిందట. రాత్రి నుంచీ ఫోను చేస్తోందట, కలవలేదు. ఆటో కోసం గంట నిలబడి, కంటైనరు ఒళ్లో పెట్టుకుని వెళ్లేసరికి నాలుగున్నర. చూస్తే ఎద తీగ లేదు, అరుపు లేదు, మేత మేస్తూ నిలబడి ఉంది. పొద్దున ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున సూది పడాలి. దాటిపోయింది. "పోనీలే డాక్టరు బాబూ, నువ్వు మాత్రం ఏం చేస్తావు" అంది అక్క. ఆ మాట విని ఇంకా కష్టమనిపించింది.

9, శుక్రవారం

నరసరావుపేటలో బాబాయ్ దగ్గరికి ట్యాంకు తీసుకెళ్లాను. ఒకప్పుడు వీధుల్లో తిరిగి బిందెలకు మాట్లు వేసినాయన, ఇప్పుడు ట్యాంకులూ రేడియేటర్లూ చేస్తాడు. ట్యాంకు మూతి దగ్గర ముక్కు పెట్టి వెంటనే తిరిగిచ్చేశాడు.

"వాసనుంది. దీని దగ్గరికి నిప్పు తేను."

"మూడు రోజులుగా ఖాళీగా ఉంది బాబాయ్."

"ఖాళీదే చంపుతుంది."

నిజమే. నిండా పెట్రోలుంటే మండడానికి గాలి చాలదు. ఖాళీ ట్యాంకులో ఆవిరీ గాలీ కలిసి ఉంటాయి. గాలిలో ఆవిరి నూటికి ఒకటిన్నర నుంచి ఏడున్నర పాళ్ల మధ్య ఉంటే నిప్పు తగలగానే పేలుతుంది. బాబాయ్‌కి ఎడమ చెవి వినపడదు. కుర్రతనంలో పక్కవాడు ఖాళీ డ్రమ్ముకు గ్యాసు మంట పెట్టాడు. అంతే చెప్పాడు, ఆ పక్కవాడి సంగతి నేనడగలేదు.

ఇంటికొచ్చి వేడినీళ్లూ సబ్బుపొడీ పోసి మూడుసార్లు కడిగాను. తర్వాత చిన్న నట్లు ఇరవై లెక్కపెట్టి లోపల వేసి, నీళ్లు పోసి, భుజాలు పడిపోయేదాకా ఊపాను. వంచితే పందొమ్మిదే వచ్చాయి. ఇరవయ్యోది కాక్ బెజ్జానికి అడ్డం పడితే నడిరోడ్డు మీద బండి ఆగుతుంది. అరగంట అటూ ఇటూ తిప్పితే మూతి లోపలి అంచు మీద నుంచి టింగుమంటూ రాలింది. బెజ్జానికి ట్యూబు ముక్క కట్టి, కాక్ చోట చెక్క బిరడా కొట్టి, అరకిలో నిమ్మఉప్పు కలిపిన నీళ్లు నిండా పోసి రాత్రంతా వదిలేశాను.

10, శనివారం

నీళ్లు చిక్కటి టీ రంగులో వచ్చాయి. వంటసోడా నీళ్లతో కడిగి టార్చి వేస్తే లోపల బూడిదరంగు ఇనుము కనబడింది. సంతోషం ఎక్కువసేపు లేదు. బయట ఉప్పుకాగితంతో రుద్దితే బెజ్జం ఒకటి కాదు, మూడు. మిగతా రెంటినీ ఇన్నాళ్లూ తుప్పే మూసి ఉంచింది.

11, ఆదివారం

బాబాయ్ ఈసారి వాసన చూసి తలూపాడు. గ్యాసు వెల్డింగు వద్దన్నాడు. తుప్పు తిని పలచబడ్డ రేకు, మంట తగిలితే బెజ్జం పెద్దదవుతుంది. టంకమే మేలన్నాడు.

ట్యాంకులో నీళ్లు పోసి, బిరడా వేసి, ఆ మూల పైకి వచ్చేలా బోర్లించాడు. నీటిమట్టం మూలకు వేలెడు కిందే ఉంది, లోపల ఆవిరికి చోటు లేదు. కుంపటి మాత్రం పదడుగుల అవతల. అక్కడ రాగి కడ్డీ కాల్చి, దాన్ని ఇక్కడికి తెస్తాడు, నిప్పును తేడు. రేకు వెండిలా మెరిసేదాకా గీకాడు. జింకు ముక్కలు వేసి పొంగు అణిగిన యాసిడ్‌ను కోడి ఈకతో రాశాడు. కడ్డీ తాకించగానే టంకం ఒక్కసారి నీరై, రేకంతా పాకి అతుక్కుంది. బొటనవేలి గోరంత ఇత్తడి ముక్కకు వెనకవైపు టంకం పూసి, మూడు బెజ్జాల మీదా కప్పి, కడ్డీతో అదిమి పట్టాడు. అంచు చుట్టూ సన్నటి మెరుపు ఊరి బయటికి వచ్చాక కడ్డీ తీశాడు. ఆ మెరుపు ఎక్కడా తెగకుండా చుట్టూ వస్తేనే మాటు పట్టినట్టు అన్నాడు. ముక్క చల్లారేదాకా ఇద్దరం కదల్లేదు.

యాసిడ్ పోయేలా కడిగి, కాక్ బిగించి, మూతికి గొట్టం పెట్టి నోటితోనే ఊదాడు. కంప్రెసర్ గాలి పెడితే ట్యాంకు ఉబ్బిపోతుంది. సబ్బు నురగ మాటు మీద కదల్లేదు గానీ కాక్ దగ్గర ఒక బుడగ లేచింది. పాత వాషరు. సైకిల్ ట్యూబు కత్తిరించి వేద్దామన్నాను. అది పెట్రోలుకు ఉబ్బుతుందని, పెట్రోలుకు తట్టుకునే రబ్బరుది కొని తెమ్మన్నాడు. తెచ్చాను. మళ్లీ ఊదాడు. ఎక్కడా ఏమీ లేదు.

ఇచ్చిందే తీసుకున్నాడు, లెక్కపెట్టలేదు.

14, బుధవారం

ఒక రోజంతా ఎండకు పెట్టి, లోపల మళ్లీ తుప్పు పట్టకుండా కాస్త నూనె కలిపిన పెట్రోలు తిప్పి, మొన్న సాయంత్రం ట్యాంకు బిగించాను. మూతకు కొత్త రబ్బరు. నీరు పోయే బెజ్జం చీపురుపుల్లతో పొడిచి శుభ్రం చేశాను. ముందు లీటరే పోసి, రాత్రి వేపచెట్టు కింద పాత పేపరు పరిచి దాని మీద బండి నిలిపాను. నిన్న పొద్దున పేపరు మీద రెండు వేపాకులు తప్ప తడి లేదు. నిండా పోసి ఇంకో రాత్రి చూశాను. ఇవాళా పొడిగానే ఉంది.

అయిదింటికి మొదటి ఫోను. దిగాక కంటైనరు తీయకముందే మిడిల్ స్టాండ్ వేశాను.

అక్క బర్రె ఎద 7న. ఇరవై ఒక్క రోజులంటే 28, బుధవారం. రెండు రోజుల ముందు నుంచే ఫోను చేసి అడగాలి. ఒకవేళ మూగ ఎద అయితే ఆమెకు తెలియదు, 28 తెల్లవారుజామునే నేనే వెళ్లి చూడాలి.