సాగర్‌లో చుక్కాని పాఠం

మాచర్ల నుంచి వచ్చి విజయపురి సౌత్‌లో బస్సు దిగేసరికి తొమ్మిదయింది. వెంట మా మేనల్లుడు. చెన్నైలో ఉద్యోగం, సెలవు దొరికితే సముద్రం మీద కాటమరాన్ పందేలు. కాటమరాన్ అంటే రెండు సన్నని దోనెలను జోడించి తెరచాప ఎత్తిన పడవ. “అన్నయ్యా, నువ్వైనా చెప్పి ఆ పిచ్చి మాన్పించు” అని మా చెల్లెలు వాణ్ణి నాకు అప్పగించింది. నాగార్జునకొండ చూపిస్తూ దారిలో హితబోధ చేద్దామనుకున్నాను.

లాంచీ కదిలింది. 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు వదిలిన ఆనకట్ట వెనుక ఇక్ష్వాకుల విజయపురి లోయంతా జలమయం. తవ్వకాల్లో దొరికిన శిల్పాలు కొండమీది మ్యూజియానికి చేరాయి. కొండ కనిపించగానే జనమంతా ఎడమ పక్కకు ఎగబడ్డారు.

“సర్దుకు కూర్చోండి బాబూ! లాంచీ కుడికి లాగుతోంది” అని సరంగు కేకేశాడు.

మావాడి కళ్ళు మెరిశాయి. “చూశారా మామయ్యా! పడవ ఒక పక్కకు ఒరిగితే ముక్కు రెండో పక్కకు తిరుగుతుంది. దాన్ని నిలపడానికి చుక్కాని అడ్డం తిప్పాలి. అడ్డం తిరిగిన చుక్కానే పడవకు బ్రేకు!”

కిందటేడు పందెంలో వాడి చెయ్యి పడిపోయినంత పనయిందట. బలం చాలలేదనుకున్నాడు. తీరా చూస్తే రెండు చుక్కానులూ సమాంతరంగా లేవు. పలకల అడుగుభాగం వెనక్కి వాలి ఉంది. తెరచాప కొయ్య కూడా మరీ వెనక్కి ఒరిగి, పడవను గాలికెదురుగా తిప్పేస్తోంది. ఆ మూడూ సవరించేసరికి చేతి బరువు తగ్గిందట.

నాకు మా పల్నాటి ఎడ్లబండి గుర్తుకొచ్చింది. బరువు ముందుకెక్కువైతే ఎద్దుల మెడలు కుంగుతాయి. వెనక్కి పోతే కాడి పైకి లేస్తుంది. బండివాడు అందుకే కాస్త ముందు మొగ్గు ఉంచుతాడు.

“మరి ఆ లాగుడు బొత్తిగా లేకుండా చేయకూడదుట్రా?”

“వద్దు మామయ్యా! కాస్త లాగుతుంటేనే గాలి మారిన సంగతి చేతికి తెలుస్తుంది. పైగా పిడి చేజారినా పడవ తనంతట తానే గాలికెదురు తిరిగి, తెరచాప రెపరెపలాడి మెల్లబడుతుంది. ఆ మొగ్గే మనకు రక్ష.”

హితబోధ నా గొంతులోనే ఉండిపోయింది.

రాత్రి చెల్లెలు ఫోను చేసింది. “చెప్పావా అన్నయ్యా?”

“వాడే నాకు చెప్పాడమ్మా. నువ్వూ పిడి మరీ బిగించి పట్టుకోకు. అలాగని వదిలెయ్యకు” అన్నాను.