ఎట్టయపురంలో పుస్తకం విప్పిన పూట

మదురై నుంచి శుక్రవారం సాయంత్రం బయల్దేరి నరికుడి చేరేసరికి బాగా పొద్దుపోయింది. విరుదునగర్ నుంచి మానామదురై వెళ్ళే రైలు మార్గం మీద చిన్న ఊరు. కారు నడిపే మిత్రుడికి అది అమ్మమ్మగారి ఊరు. ఆవిణ్ణి వాడు అమ్మాచ్చి అంటాడు, మేమూ అలాగే పిలిచాం. తెల్లారి చూస్తే ఊరి పక్కన పెద్ద చెరువు, అందులో చుక్క నీరు లేదు. ఇక్కడివాళ్ళు కణ్మాయి అంటారు. గట్టు దిగితే కనుచూపు మేరా సర్కారు తుమ్మే. ఆ తుమ్మ కొట్టి, గుట్టగా పేర్చి, పైన మట్టి కప్పి, లోపల నిప్పు రాజేసి బొగ్గు చేస్తారు. వాన పడితే పంట, పడకపోతే బొగ్గు అని మా వాడి మేనమామ ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఈ నేలను అర్థం చేసుకోవడానికి ఆ ముక్క నాకు ఆ రెండు రోజులూ పనికొచ్చింది.

వారాంతానికి ఎక్కడికి పోదామన్నప్పుడు కొడైకెనాల్, కుట్రాలం పేర్లు వచ్చాయి. ఎట్టయపురం అన్నది నేనే. కోవిల్‌పట్టి పక్కన ఉన్న ఆ చిన్న పట్టణం గురించి చదివినకొద్దీ విచిత్రంగా తోచేది. తమిళులు మహాకవి అని చేతులెత్తి మొక్కే సుబ్రహ్మణ్య భారతి 1882లో పుట్టింది అక్కడే. తంజావూరు సీమలోని తిరువారూరులో పుట్టిన వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితులు 1835 దీపావళి నాడు కన్నుమూసిందీ అక్కడే. ఆ సంస్థానం ఏలినవాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడే నాయకర్లు. ఇంగ్లీషువాళ్ళను ఎదిరించిన పాలెగాడు కట్టబొమ్మన్‌ను వాళ్ళకు పట్టించారన్న కథ వల్ల ఎట్టప్పన్ అనే ఆ వంశనామం తమిళంలో ద్రోహికి మారుపేరైపోయింది. 1799లో కయత్తారులో ఉరికంబమెక్కిన కట్టబొమ్మన్ ఇంటి భాష కూడా తెలుగే. ఇంత చరిత్రను మోస్తున్న ఊరిని ఓ గంటలో నడిచి చుట్టి రావచ్చు.

నలుగురం. నరికుడి మిత్రుడు, గుంటూరు నుంచి వచ్చి మదురైలో స్థిరపడ్డ మరో మిత్రుడు, చిన్నప్పటి నుంచీ వయొలిన్ నేర్చుకున్న తమిళ స్నేహితురాలు, నేను. శనివారం తిరుచ్చుళి మీదుగా వెళ్ళాం. రమణ మహర్షి 1879లో పుట్టిన ఊరది. ఆయన తన ఉపదేశసారాన్ని తమిళంలోనే కాక తెలుగులోనూ, సంస్కృతంలోనూ, మలయాళంలోనూ రాశారు. అరుప్పుకోట్టై, విరుదునగర్ త్వరగానే దాటేశాం. విరుదునగర్‌లో మాత్రం నూనెలో వేయించిన పరోటా తినకుండా కదలనివ్వలేదు మా డ్రైవరు. కామరాజర్ పుట్టిన ఊరు కూడా అదే. జాతీయ రహదారి ఎక్కి సాత్తూరు దాటాక నేల రంగు మారింది. నల్లరేగడి. తమిళంలో కరిసల్ అంటారు. పత్తి, జొన్న, సజ్జ, మినుము, అన్నీ ఆకాశాన్ని నమ్ముకున్న పంటలే. శతాబ్దాల క్రితం ఉత్తరం నుంచి వలస వచ్చిన తెలుగువాళ్ళలో చాలామంది ఈ నల్లనేల మీదే ఆగి, అడవి కొట్టి ఊళ్ళు కట్టుకున్నారు.

కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల ఊరు, హాకీ ఊరు, అన్నిటికీ మించి కడలై మిఠాయి ఊరు. మనం పల్లీపట్టీ అనేదే. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఓ చిన్న తయారీ షెడ్డులో నిలబడి చూశాం. వేయించి పొట్టు తీసి, బద్దలు చేసిన పల్లీలు ఓ పక్క గంపల్లో ఉన్నాయి. పెద్ద బాణలిలో బెల్లం పాకం ఉడుకుతోంది. వంటాయన ఓ చుక్క తీసి చన్నీళ్ళలో వేసి, వేళ్ళతో తీసి విరిచాడు. టప్‌మని విరిగితేనే పాకం వచ్చినట్టు. పల్లీలు పోసి గబగబా కలిపి, బల్ల మీద చెక్క చట్రంలో కుమ్మరించి, రోలరుతో ఒత్తి, వేడి తగ్గకముందే గీతలు పెట్టి కోసేశారు. ఈ పని మొత్తం చూపు తిప్పుకునేలోగా అయిపోవాలి, లేకపోతే గట్టిపడి కత్తి దిగదు.

మూల కూర్చుని ప్యాకెట్లు కడుతున్న పెద్దావిడ, నేనూ గుంటూరు మిత్రుడూ మాట్లాడుకోవడం విని తలెత్తింది. "యాడ నుండి వస్తుండారు?" అంది. మా గుంటూరువాడి ముఖం వెలిగిపోయింది. అవ్వా, మీరు తెలుగువాళ్ళా అని దగ్గరికెళ్ళి కూర్చున్నాడు. ఆవిడకి అందులో ఆశ్చర్యమేమీ కనబడలేదు. మీ దిక్కున కందిపప్పు ధర ఎంత, వానలు పడ్డాయా, మీకు పిల్లలెంతమంది, ఇవీ ఆవిడ ప్రశ్నలు. మా వాడేమో ఎన్ని తరాల నుంచి మాట్లాడుతున్నారు, బళ్ళో నేర్పుతారా, పాటలేమైనా వచ్చా అని అడుగుతున్నాడు. బడీ లేదు, పుస్తకమూ లేదు, ఇంట్లో మాట్లాడతాం, అంతే అంది. పక్కనున్న మనవడు ఆవిడ తెలుగులో అడిగినదానికి తమిళంలో జవాబిస్తున్నాడు. ఆవిడ దాన్నీ పట్టించుకోవడం లేదు.

ఆ సంభాషణను తర్వాత చాలాసార్లు తల్చుకున్నాను. తెలుగు ఏమైపోతుందో అని మన దగ్గర సభలు పెడతాం, తీర్మానాలు చేస్తాం. అవి వద్దనను. నేనూ అందులో ఉన్నవాణ్ణే. కానీ ఇక్కడ ఏ సభా లేకుండా, పత్రికా లేకుండా, అ ఆలు కూడా లేకుండా ఒక భాష ఇన్ని వందల ఏళ్ళు నిలబడింది. దూడను అదిలించడానికి, పిల్లకు జడ వేస్తూ కేకలెయ్యడానికి, పప్పు ధర అడగడానికి అది అక్కరకొచ్చింది కనుక నిలబడింది. అలాంటి వాళ్ళ దగ్గరికి భాషను పరీక్షించే ఇన్‌స్పెక్టర్లలా మనం వెళ్ళకూడదు. అపురూపమైన పాత సామాను దొరికినట్టు సంబరపడి ఫోన్లో రికార్డు చేసుకుని రావడమూ నాకు నచ్చదు. ఆవిడ అడిగినదానికి ముందు జవాబు చెప్పాలి. కందిపప్పు ధర మా ఇద్దరికీ తెలియదు. గుంటూరుకు ఫోన్ చేసి కనుక్కుని చెప్పాం.

ఆదివారం పొద్దున్నే కోవిల్‌పట్టికి దక్షిణంగా ఉన్న ఇడైసేవల్ వెళ్ళాం. ఒకే ఊరి నుంచి ఇద్దరు సాహిత్య అకాడమీ అవార్డు గ్రహీతలు: కు. అళగిరిసామి, కి. రాజనారాయణన్. ఇద్దరూ 1923లో పుట్టినవాళ్ళే, ప్రాణస్నేహితులు. అళగిరిసామికి మరణానంతరం 1970లో వచ్చింది, కి.రా.కు 1991లో. కి.రా. ఇంట్లో తెలుగు. పెద్ద చదువు లేని రైతు. తెలుగువాళ్ళ వలసను, ఈ నల్లనేలలో వాళ్ళు వేసిన మొదటి సాళ్ళను 'గోపల్ల గ్రామం' అన్న నవలగా రాశారు. రాసింది తమిళంలో. అదీ పుస్తకాల తమిళంలో కాదు, ఈ కరిసల్ పొలాల్లో జనం మాట్లాడుకునే తమిళంలో. ఆ మాటలన్నీ ఏరి నిఘంటువు కూడా కూర్చారు. డిగ్రీ లేని మనిషిని పుదుచ్చేరి విశ్వవిద్యాలయం పిలిచి జానపద కథల విభాగంలో ఆచార్యుణ్ణి చేసింది. 2021లో పోయినప్పుడు తమిళనాడు ప్రభుత్వం అధికార లాంఛనాలతో ఈ ఊళ్ళోనే అంత్యక్రియలు జరిపింది. ఊళ్ళో ఎవరిని అడిగినా ఆయన పేరు చెబుతారు. ఆయన తెలుగులో రాయలేదన్న లోటు అక్కడ ఎవరికీ లేదు. ఆ వీధిలో నిలబడితే నాకూ అనిపించలేదు. తన వాళ్ళ కథను పక్కింటివాళ్ళ భాషలో, వాళ్ళకే కొత్తగా వినిపించేలా చెప్పడం చిన్న దానం కాదు.

అక్కడి నుంచి ఎట్టయపురం. భారతి పుట్టిన ఇల్లు, 1947లో రాజాజీ ప్రారంభించిన మణిమండపం చూసుకుని దీక్షితుల సమాధి దగ్గరికి వెళ్ళాం. ఎండ మాడ్చేస్తోంది. ఆయన ఈ దారిన వస్తూ, ఎండి బీటలువారిన పొలాలు చూసి అమృతవర్షిణి రాగంలో కీర్తన పాడితే వాన కురిసిందని చెబుతారు. నరికుడి చెరువు చూసి వచ్చినవాళ్ళకు ఆ కథ ఎందుకు పుట్టిందో ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

తర్వాత ఓ టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. నేను ఫోన్లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' పుటలు తెరిచాను. దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితుల దౌహిత్రుడు, ఆయనకే దత్తుడైన సుబ్బరామ దీక్షితులు రాసిన మహాగ్రంథం. 1904లో ఈ ఊళ్ళోనే, విద్యావిలాసిని ముద్రాక్షరశాలలో అచ్చయింది. చిన్నస్వామి మొదలియార్ అనే సంగీతాభిమాని చూపు మందగిస్తున్న దశలో పట్టుబట్టి, సంస్థానాధీశుడు ఈ పనికి పూనుకునేలా చేశారు. తరతరాలుగా గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి అందుతూ వచ్చిన కీర్తనలను స్వరాలతో, ఒక్కో స్వరం మీద గమకం గుర్తుతో అచ్చువేశారు. రచయిత తమిళ బ్రాహ్మణుడు, కీర్తనలు ఎక్కువగా సంస్కృతం, ఊరు తమిళం, గ్రంథం తెలుగు. ఆ రోజుల్లో దక్షిణాది సంగీత విద్వాంసుల్లో చాలామందికి తెలుగు ఉమ్మడి భాష. మద్రాస్ మ్యూజిక్ అకాడమీ 1961 నుంచి దాన్ని తమిళ లిపిలో తెచ్చింది కనుక ఇవాళ కచేరీ చేసేవాళ్ళు దాన్ని ఎరుగుదురు. సగటు తెలుగు పాఠకుడికి ఆ పేరైనా తెలియకపోవడం నన్ను బాధపెడుతుంది.

వయొలిన్ స్నేహితురాలు ఫోన్ అందుకుని ఆ పుటను చాలాసేపు చూసింది. రాగం పేరు నేను చదివి చెప్పగానే ఆమెకు కీర్తన తట్టింది. కానీ అక్షరాలు రావు. టీ కొట్టాయన గ్లాసులు పెడుతూ తొంగి చూసి, ఇదేం రాత అని తమిళంలో అడిగాడు. తెలుగు అన్నాను. మా ఇంట్లోనూ తెలుగేనండీ అని తెలుగులో అన్నాడు. ఆయనకూ అక్షరాలు రావు. నాకు అక్షరాలొచ్చు, సంగీతం రాదు. రాగ లక్షణం చెప్పే వాక్యాలు నేను బిగ్గరగా చదివాను. ఆ గ్రాంథికం ఆయనకు సగమే అందింది, మిగతాది మామూలు మాటల్లో చెబితే తలూపాడు. గమకం గుర్తు ఎక్కడుందో నేను వేలు పెట్టి చూపిస్తే, స్నేహితురాలు అక్కడ స్వరాన్ని ఊపి పాడింది. తను నేర్చుకున్న పాఠానికీ దీనికీ ఒక చోట తేడా ఉందని ఆగి, మళ్ళీ పాడి చూసింది. మాలో ఏ ఒక్కరమూ ఆ పుటను ఒంటరిగా చదవలేకపోయేవాళ్ళం.

భాషకు వారసులెవరన్న ప్రశ్న మీద అంతవరకూ నాకు గట్టి అభిప్రాయాలుండేవి. పుట్టుక, మాట, చదువు, వీటిలో ఏదో ఒకటి కొలబద్ద అనుకునేవాణ్ణి. ఆ బల్ల దగ్గర ఆ వారసత్వం ముగ్గురి మధ్య పంపకమై ఉంది. అందులో ఒకరికి తెలుగు మాటే రాదు. పుస్తకం రాసినాయన బతికుంటే మా ముగ్గురిలో ఎవరిని ముందు పలకరించేవాడో నేను చెప్పలేను. బహుశా పాడగలిగిన ఆమెనే.

మదురై తిరిగొచ్చాక కూడా ఆ పని ఆగలేదు. ఆదివారాలు నేను రాగ లక్షణం భాగాలూ స్వరాలూ చదివి, కష్టమైన చోట తేలిక మాటల్లో, ఆమె కోసం తమిళంలోనూ చెప్పి, గొంతు రికార్డు చేసి పంపుతాను. ఆమె దాన్ని విని, ఆ స్వరాలు వాయించి తిరిగి పంపుతుంది. రెండూ ఎట్టయపురం టీ కొట్టాయనకూ వెళ్తాయి, అర్థం కాని మాట దొరికితే ఆయన కొట్టు కట్టేశాక ఫోన్ చేస్తాడు. గ్రంథం మేళకర్తల వరుసలో సాగుతుంది. ప్రస్తుతం పదిహేనో మేళం, మాయామాళవగౌళ దగ్గర ఉన్నాం.